బాత్‌రూమ్‌లోంచి సిగరెట్ వాసన, పాపకి దగ్గు: కిందింటాయనతో ఎలా మాట్లాడాలి?

నిద్రలేని_అమ్మ | రాత్రి 12:20

మాది నాలుగో అంతస్తు. పాపకి ఏడో నెల. మా ఇంట్లో ఎవరికీ సిగరెట్ అలవాటు లేదు. అయినా రోజూ రాత్రి పదకొండు దాటాక పడకగదిలో సిగరెట్ వాసన. ముందు అటాచ్డ్ బాత్‌రూమ్‌లో మొదలవుతుంది, పావుగంటలో మంచం దాకా వచ్చేస్తుంది. పాప నిద్రలోనే దగ్గుతుంది. డాక్టర్‌గారిని అడిగితే "దగ్గు దీనివల్లే అని చెప్పలేనమ్మా, కానీ పొగ మాత్రం తగలనివ్వకండి" అన్నారు. ఎలా తగలనివ్వకుండా ఉండాలో అడిగితే నవ్వి ఊరుకున్నారు.

నేను చేసినవి చెప్తాను. కిటికీలన్నీ మూసేశాను. బాత్‌రూమ్ తలుపు కింద తడి టవల్ కుక్కాను. వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెద్దది, దాన్ని రాత్రంతా వేసి ఉంచుతున్నాను. రూమ్ ఫ్రెష్‌నర్ కొడితే సిగరెట్టూ మల్లెపూలూ కలిసిన ఇంకో దరిద్రం తయారైంది.

కింద మూడో అంతస్తాయన బాల్కనీలో నిలబడి తాగడం కళ్ళారా చూశాను. ఆదివారం వెళ్ళి అడిగాను. నిద్ర లేదు కదా, కాస్త గట్టిగానే అడిగాననుకోండి. "నా ఇంట్లో నేను తాగుతాను, మీకేంటి" అని తలుపేసేశారు. అప్పట్నుంచి లిఫ్ట్‌లో ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు. మావారేమో ఇల్లు మారిపోదాం అంటారు. సొంతిల్లు, లోను సగం కూడా తీరలేదు. ఎక్కడికని మారతాం?

ఇలాంటిది పడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గట్టిమాట | రాత్రి 12:41

మాటలతో పని కాదండీ. ఆయన తాగుతుంటే వీడియో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫ్లాట్ నంబరుతో సహా పెట్టండి. నలుగురిలో పరువు పోతే అప్పుడు దిగొస్తాడు. నేను అదే చేశాను.

పొగరాయుడు | రాత్రి 12:55

చేశారు సరే, దిగొచ్చాడా?

గట్టిమాట | రాత్రి 12:58

గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

పొగరాయుడు | రాత్రి 1:10

అంటే తాగడం మానలేదు, మీతో మాట్లాడడం మానేశాడు.

అమ్మా, పేరు చూసి తిట్టకండి, నేను ఇరవై ఏళ్ళుగా తాగుతున్నవాణ్ణే. మావైపు సంగతి ఒకటి చెప్తాను. తలుపు కొట్టి "మీ వల్ల మా పాప దగ్గుతోంది" అన్న మరుక్షణం మాకు వినిపించేది పాప మాట కాదు, "నువ్వు చెడ్డవాడివి" అనే మాట. ఇంట్లో పెళ్ళాం చెప్తుంది, పిల్లలు చెప్తారు, పెట్టె మీద బొమ్మ కూడా చెప్తుంది. ఇక పైవాళ్ళు కూడానా అని తిక్కరేగుతుంది. ఆయన చేసింది మంచిపని అనడం లేదు. తలుపు ఎందుకు వేశాడో చెప్తున్నాను, అంతే.

అయినా నాకో అనుమానం. ఒక గోడ దాటి, పైపుల సందులోంచి దూరి వచ్చే ఆ కాస్త పొగ నిజంగా ఏమన్నా చేస్తుందా? తాగేవాణ్ణి నేను బతికే ఉన్నాను కదా.

శ్వాస | ఉదయం 6:15

ఊపిరితిత్తుల వార్డులో నర్సుగా చేస్తున్నాను. నైట్ డ్యూటీ దిగి చదువుతున్నా.

పొగరాయుడు గారూ, మీరు లోపలికి పీల్చి వదిలే పొగ తక్కువే. చుట్టుపక్కలవాళ్ళకి చేరే పొగలో ఎక్కువ భాగం, అంటే దాదాపు 85 శాతం, మీ వేళ్ళ మధ్య ఊరికే కాలుతున్న కొసనుంచి వచ్చేది. అది ఫిల్టరులోంచి రాదు. తక్కువ వేడిలో సరిగ్గా కాలకుండా వస్తుంది కాబట్టి చాలా విషాలు అందులోనే ఎక్కువ. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, కేన్సర్ తెచ్చేవి వాటిలో 70 దాకా తేలాయి. 1981లో జపాన్‌లో హిరయామా అనే ఆయన సిగరెట్ ముట్టని 91,540 మంది భార్యలను 14 ఏళ్ళు గమనించి, భర్త ఎక్కువ తాగేకొద్దీ భార్యకి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు పెరుగుతోందని చూపించాడు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 2006లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి) నివేదిక మాత్రం ఖరాఖండిగా చెప్పేసింది: పక్కవాళ్ళ పొగకి "ఇంతవరకు ఫర్వాలేదు" అనే మోతాదే లేదు.

అలాగని భయపెట్టను. షాఫ్ట్‌లోంచి, అంటే బాత్‌రూమ్ పైపులు అన్ని అంతస్తుల మీదుగా వెళ్ళే నిలువు సందులోంచి వచ్చే పొగ, అదే గదిలో కూర్చుని తాగే పొగ ఒకటి కావు. మోతాదు తక్కువే. కానీ పసిబిడ్డ మనకంటే వేగంగా ఊపిరి తీస్తుంది, ఊపిరి గొట్టాలు సన్నం, లేచి పక్కగదికి పోలేదు. పొగ తగిలే పిల్లల్లో ఆస్తమా ముదరడం, చెవిపోటు, ఛాతీ జబ్బులు, నిద్రలోనే ఊపిరి ఆగిపోయే ముప్పు కూడా ఎక్కువని అదే నివేదికలో ఉంది. అమ్మా, ముందు పాప మంచాన్ని బాత్‌రూమ్ వైపు గోడనుంచి తీసి అవతలి గదిలో వెయ్యండి. ఇవాళే. మిగతావి తర్వాత.

పొగరాయుడు | ఉదయం 7:02

కాలుతున్న కొస సంగతి నాకు తెలీదు. ఇన్నాళ్ళూ కిటికీ బయటికి చెయ్యి పెట్టి, పొగ అటు ఊది, పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నా.

కొలత_టేప్ | ఉదయం 9:30

నిద్రలేని_అమ్మ గారూ, ఒక్క ప్రశ్న. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసిన రాత్రుల్లో వాసన తగ్గిందా, పెరిగిందా?

నిద్రలేని_అమ్మ | ఉదయం 9:52

ఇప్పుడు ఆలోచిస్తే... పెరిగింది. పెరిగిందని ఇంకా వేగంగా తిప్పాను.

కొలత_టేప్ | ఉదయం 10:40

అనుకున్నా. భవనాల్లో గాలి మార్గాలు చూడడమే నా ఉద్యోగం, అందుకే అడిగాను.

ఫ్యాన్ గాలిని బయటికి తోస్తే అంత గాలీ ఎక్కడో ఒకచోటనుంచి లోపలికి రావాలి. కిటికీలు తెరిచి ఉంటే కిటికీలోంచి వస్తుంది. మీరు అన్నీ మూసేశారు. ఇక మిగిలింది బాత్‌రూమ్ వెంటిలేటర్, పైపుల చుట్టూ ఉన్న కన్నాలు, ముందు తలుపు కింద సందు. అంటే షాఫ్ట్‌లో ఉన్న పొగని మీరే తాడేసి లాగినట్టు పడకగది మీదుగా వంటగదికి లాక్కుంటున్నారు. షాఫ్ట్ కూడా మామూలుది కాదు. లోపల గాలి బయటికన్నా వెచ్చగా ఉంటే పొగగొట్టంలా పనిచేస్తుంది. కింద ఏ అంతస్తులో వదిలినా పైకి ఎక్కుతుంది. కాబట్టి మూడో అంతస్తే అని తేల్చెయ్యకండి.

ఈ రాత్రి ఇలా చేసి చూడండి. టిష్యూ కాగితంలోంచి వేలెడంత సన్నటి ముక్క చింపి పెన్సిల్ కొసకి అంటించండి. ఫ్యాన్ వేసి, కిటికీలు మూసి, దాన్ని సింక్ కింద పైపు గోడలోకి వెళ్ళేచోట, గీజర్ పైపుల దగ్గర, ఫ్లష్ పైపు చుట్టూ, నేలమీద జాలీ దగ్గర ఒక్కోచోట పెట్టండి. ముక్క మీవైపు ఊగితే గాలి అక్కణ్ణుంచి వస్తోందని. జాలీ సంగతి మర్చిపోవద్దు. దాని కింద ట్రాప్‌లో, అంటే వంపు గొట్టంలో, ఎప్పుడూ కాస్త నీళ్ళు నిలిచి ఉండాలి, ఆ నీళ్ళే మూత. వాడని బాత్‌రూమ్‌లో అవి ఎండిపోతాయి. ఒక చెంబుడు నీళ్ళు పొయ్యండి, పైన రెండు చుక్కల నూనె వేస్తే తొందరగా ఎండవు.

కన్నాలు దొరికాక, పెద్దవాటిలో ముందు ఏదైనా తాడో ఫోమో కుక్కి, పైన సిలికాన్ కొట్టించండి. సిమెంట్ పెట్టేస్తే రేపు పైపు లీకైనప్పుడు పగలగొట్టాలి. ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా: బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే వెంటిలేటర్ ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకండి. గ్యాస్ సరిగ్గా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని నిలువునా తీసుకుపోతుంది.

నిద్రలేని_అమ్మ | ఉదయం 10:51

మాది కరెంటు గీజరే. రాత్రి చూసి చెప్తాను.

అద్దెవాసి | ఉదయం 11:20

మీరు సొంతిల్లు కాబట్టి సిలికాన్ కొట్టిస్తారు. నేను మా ఓనర్ని అడిగితే "నచ్చకపోతే ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే ఏమన్నా లాభమా?

కొలత_టేప్ | మధ్యాహ్నం 12:05

కొంతవరకు. హెపా ఫిల్టర్ పొగలోని నుసిని బాగానే పడుతుంది, 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం దాకా. వాయువుల్ని, వాసనని పట్టదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ కావాలి, అది కూడా పల్చటి జాలీలా ఉంటే నాలుగు రోజుల ముచ్చట. అదీ నిండిపోతుంది, మార్చాలి. ఓజోన్ వదిలే మెషిన్ల జోలికి అసలు వెళ్ళకండి, ఓజోనే ఊపిరితిత్తులకి మంచిది కాదు. సిలికాన్ ట్యూబు మీరే కొనుక్కుని పెట్టుకోండి, దానికి ఓనర్ని అడగక్కర్లేదు.

న్యాయపుస్తకం | మధ్యాహ్నం 1:15

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి. భారత్‌లో 2003 నాటి పొగాకు చట్టం, 2008 అక్టోబర్ 2న అమల్లోకొచ్చిన నిబంధనలు పొగతాగడాన్ని నిషేధించింది బహిరంగ స్థలాల్లో. సొంత ఫ్లాట్ లోపల, సొంత బాల్కనీలో తాగేవాణ్ణి వాటితో ఆపడం కష్టం. అమెరికాలో ప్రభుత్వ గృహసముదాయాల్లో 2018 జూలై 31 నాటికి ఇళ్ళ లోపలా, భవనానికి 25 అడుగుల దాకా సిగరెట్ బంద్ అయింది. అది ప్రభుత్వమే ఇంటి యజమాని కాబట్టి సాధ్యమైంది.

నాకు నచ్చిన తీర్పు మాత్రం జర్మనీది. అక్కడి అత్యున్నత సివిల్ కోర్టుకి 2015 జనవరిలో అచ్చం ఇలాంటి కేసే వెళ్ళింది: కింది బాల్కనీలో తాగుతారు, పైవాళ్ళకి పొగ. పూర్తిగా మానమని కోర్టు అనలేదు. ఇద్దరికీ బాల్కనీ మీద హక్కుంది కాబట్టి టైములు పంచుకోండి, పైవాళ్ళకి పొగ లేని గంటలు ఉండాలి అంది. జపాన్‌లో నగోయా కోర్టు 2012లో, పైనున్న ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా బాల్కనీలో తాగడం ఆపనాయన చేత 50,000 యెన్‌లు కట్టించింది. ఆవిడ అడిగినదాంట్లో అది చాలా చిన్న ముక్క. బాల్కనీల్లో తాగే మగవాళ్ళని అక్కడ మిణుగురులు అంటారట, చీకట్లో ఎర్రచుక్క కనిపిస్తుంది కదా.

కోర్టుకెక్కితే ఏళ్ళు పడుతుంది. ఈలోపు పాప స్కూల్లో చేరుతుంది.

గట్టిమాట | మధ్యాహ్నం 1:30

అంటే చేతులు కట్టుకు కూర్చోమంటారా? ఇలా మెతకగా ఉంటేనే ఈ సిగరెట్ గాళ్ళు...

[ఈ పోస్టులో మిగతా భాగం తొలగించాం. మనుషుల్ని తిట్టొద్దు. – నిర్వాహకులు]

పాత_కార్యదర్శి | సాయంత్రం 4:10

ఆరేళ్ళు మా అసోసియేషన్‌కి సెక్రటరీగా చేశాను. కుక్కలు, పార్కింగు, నీళ్ళు, సిగరెట్లు, అన్నీ నా నెత్తిమీదనుంచే పోయాయి. వీటిలో సిగరెట్ గొడవే కష్టం, ఎందుకంటే చూపించడానికి ఏమీ ఉండదు. కుక్క కరిస్తే గాటు ఉంటుంది. పొగ వచ్చిందని నేను పైకి వెళ్ళేసరికి పోతుంది. "ఎక్కడమ్మా?" అంటే ఆవిడ ఏడుపు ముఖం పెడుతుంది.

మేం మొదట చేసిన తప్పు చెప్తాను. జనరల్ బాడీలో ఒకేసారి "భవనంలో ఎక్కడా తాగకూడదు" అని తీర్మానం పెట్టాం. ఓడిపోయింది. తాగేవాళ్ళు తక్కువే, కానీ తాగనివాళ్ళు కూడా "రేపు మా వంటింటి ఘాటు గురించి కూడా తీర్మానం పెడతారా" అని చెయ్యెత్తలేదు. మరుసటి ఏడాది లిఫ్టు, మెట్లు, కారిడారు, పిల్లల ఆటస్థలం వరకే పెట్టాం. ఒక్కరు కూడా కాదనలేదు. దాంతోపాటు కాంపౌండు మూల, ఏ కిటికీకీ దగ్గర కానిచోట, పైన చిన్న రేకు వేసి, ఇసక డబ్బా పెట్టాం. ఆ రేకు గురించి నన్ను చాలామంది తిట్టారు, "తాగుబోతులకి మండపం కట్టించావ్" అని. కానీ బాల్కనీలోంచి కింది కార్ల మీద పీకలు పడడం దాంతోనే తగ్గింది. మనిషిని ఇక్కడ వద్దు అన్నప్పుడు ఎక్కడ అనేది కూడా చెప్పాలి. వానలో తడిసి తాగమంటే ఎవడూ వెళ్ళడు.

ఇంకోటి. గ్రూపులో ఫ్లాట్ నంబరు పెట్టొద్దు. అమ్మా, మీరు రాసి పెట్టుకోండి: తేదీ, టైము, ఏ గదిలో, ఎంతసేపు. రెండు వారాలు. కోర్టు కోసం కాదు. అది చూస్తే మీకే ఏదో ఒకటి తెలుస్తుంది.

నిద్రలేని_అమ్మ | మర్నాడు ఉదయం 5:40

టిష్యూ ముక్క పెట్టాను. నేలమీద జాలీ దగ్గర కొంచెం కదిలింది. సింక్ కింద మాత్రం, నిజంగా చెప్తున్నా, జెండాలా నిలబడింది. అక్కడ ప్లాస్టిక్ మూతలాంటిది ఉంటుంది కదా, అది లాగి చూస్తే పైపు చుట్టూ నా పిడికిలి పట్టేంత కన్నం. ఫోన్ లైటు వేస్తే అవతల షాఫ్ట్ గోడ కనిపిస్తోంది. ఇల్లు కొన్న రోజునుంచీ ఆ మూతని తుడుస్తున్నాను.

ఫ్యాన్ ఆపేశాను. పాప మంచం హాలు పక్క గదిలోకి మార్చాం. రాసి పెట్టడం మొదలెట్టాను.

శ్వాస | ఉదయం 6:30

మంచిపని. పరుపు, కర్టెన్లు కూడా ఉతికించండి. పొగ ఆగినా బట్టల్లో, గోడల్లో కొంత ఉండిపోతుంది, పాకే పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు. వాసన పోయిందంటే అంతా పోయిందని కాదు.

నిద్రలేని_అమ్మ | తొమ్మిది రోజుల తర్వాత

చాలా ఉంది, ఓపిగ్గా చదవండి.

నా నోట్‌బుక్‌లో రోజూ 11:10 నుంచి 11:25 మధ్యే మొదలు. ఇంత కచ్చితంగా బాల్కనీలో ఎవరు తాగుతారు అనుకున్నా. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మూడో అంతస్తు తలుపుకి తాళం ఉంది. ఊళ్ళో లేరని వాచ్‌మన్ చెప్పాడు. ఆ నాలుగు రాత్రులూ వాసన వచ్చింది.

అంటే ఆయన కాదు.

ఆ మాట నోట్‌బుక్‌లో రాశాక కాసేపు ఏం తోచలేదు. ఆదివారం నేను ఎంత మాట అన్నానో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆయన తిరిగొచ్చిన రోజు సాయంత్రం మావారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. తలుపు తీసి, తీసినట్టే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "అంకుల్, మీది కాదు. నేను పొరపాటు పడ్డాను. సారీ చెప్పడానికే వచ్చాను" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నోట్‌బుక్ చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని గుమ్మంలోనే నిలబడి పేజీ మొత్తం చదివారు. తర్వాత "రెండో అంతస్తు" అన్నారు. "మా బాత్‌రూమ్‌లోకి కూడా వస్తుంది. నేనూ తాగుతాను కదా, ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆయనే నన్ను కిందికి తీసుకెళ్ళారు. రెండో అంతస్తులో ఉండేది చిన్న వయసాయన, ఇద్దరు పిల్లలు. విషయం చెప్తే మొహం తెల్లబోయింది. పిల్లల ముందు తాగకూడదని, వాళ్ళు పడుకున్నాక బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, షాఫ్ట్ వైపు వెంటిలేటర్ తెరిచి, పొగ అందులోకి ఊదుతాడట. "బయటికే పోతుందనుకున్నా అక్కా" అన్నాడు. నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో.

పొగరాయుడు | 20 నిమిషాల తర్వాత

ఆ కుర్రాడు నేనే అయ్యుండేవాణ్ణి. మా ఇంట్లోనూ అదే పద్ధతి.

గట్టిమాట | 1 గంట తర్వాత

వీడియో తీసి పెట్టి ఉంటే మూడో అంతస్తాయన పరువు ఊరికే పోయేది. సరే, ఒప్పుకుంటున్నా.

పాత_కార్యదర్శి | 2 గంటల తర్వాత

ఏం ఒప్పందం కుదిరిందో చెప్పండి. సారీలు నెల రోజులు ఉంటాయి, టైములైతేనే నిలబడతాయి.

నిద్రలేని_అమ్మ | 3 గంటల తర్వాత

బాత్‌రూమ్‌లో తాగడం పూర్తిగా బంద్. కిందికి దిగి, గేటు అవతలికి వెళ్ళి తాగుతానన్నాడు. రాత్రి వాన ఉంటే టెర్రస్ మీద మెట్లగది బయట, తలుపు వేసి. మూడో అంతస్తు అంకుల్ బాల్కనీలోనే తాగుతారు, కానీ మా కిటికీ తెరిచే ఉదయం ఏడు నుంచి పది దాకా తాగరు. ఇది ఆయనంతట ఆయనే అన్నారు. మేం కన్నం మూయించాం. అంకుల్ వాళ్ళింట్లో కూడా అంతే పెద్ద కన్నం ఉంది, అదే మనిషిని పిలిచి అదే రోజు కొట్టించారు.

ఆ తర్వాత కూడా రెండుసార్లు వాసన వచ్చింది. మెసేజ్ పెట్టాను. ఒకసారి "సారీ అక్కా, ఆఫీసు టెన్షన్" అని జవాబొచ్చింది. రెండోసారి జవాబు రాలేదు, వాసన మాత్రం ఐదు నిమిషాల్లో ఆగిపోయింది.

శ్వాస | 5 గంటల తర్వాత

పాప దగ్గు?

నిద్రలేని_అమ్మ | 5 గంటల తర్వాత

తగ్గింది. చలి కూడా తగ్గింది కాబట్టి దేనివల్లో చెప్పలేను. నేను మాత్రం నిద్రపోతున్నాను.

మూలగది | మర్నాడు

కొత్త సభ్యురాలిని. ఈ చర్చంతా చదివాను. మా పక్కింటబ్బాయిది మామూలు సిగరెట్ కాదు, వేప్ (ఈ-సిగరెట్). అడిగితే ఉత్త నీటి ఆవిరి అంటున్నాడు. నిజమేనా?

శ్వాస | మర్నాడు

ఉత్త నీటి ఆవిరి కాదమ్మా. చాలావాటిలో నికోటిన్ ఉంటుంది, సన్నటి రేణువులు ఉంటాయి. సిగరెట్ పొగంత కాదు, అలాగని గాలి కూడా కాదు. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ రాస్తాను. కానీ ముందు మీ సింక్ కింద మూత లాగి చూశారా?